అప్రధాన సంభాషణల చరిత్ర: అమెచ్యూర్ రేడియో, మోర్స్ సంకేతాలు, దూరమైత్రి

వ్యాససంగ్రహం:

ఒకరినొకరు చూడని, ఒకరి గొంతు మరొకరు వినని మనుషుల మధ్య స్నేహం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దపు అమెచ్యూర్ రేడియో చరిత్రలో ఒక విలక్షణమైన సమాధానం దొరుకుతుంది. అంతర్జాతీయ రేడియో నిబంధనలు అమెచ్యూర్ల మధ్య అనుమతించిన వ్యక్తిగత సంభాషణను 'అప్రధానమైనది' అని నిర్వచించాయి. ఆ అప్రధానమైన మాటలే దూరమైత్రికి ఆధారమయ్యాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1923, 1924 సంవత్సరాల తొలి ఖండాంతర సంభాషణలు, మోర్స్ భాషలోని మర్యాదలు, ఉత్తర ప్రత్యుత్తర కార్డుల సంప్రదాయం, హైదరాబాదుతో ముడిపడిన 2004 నాటి అనుభవం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: అమెచ్యూర్ రేడియో, మోర్స్ సంకేతాలు, దూరమైత్రి, లఘుగురువులు, క్యూఎస్‌ఎల్ కార్డు, సామాజిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ఒక తరానికి టెలిగ్రాం అంటే చావు కబురే. తంతి వచ్చిందనగానే, కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవని పెద్దలు చెప్పుకుంటారు. మాటకింత అని రుసుము కట్టాలి కనుక సామాన్యులు అత్యవసరమైతే తప్ప తంతి ఇచ్చేవారు కాదు. తంతి మోసుకొచ్చే ప్రతి మాటకూ ధర ఉండేది. ప్రతి మాటా ముఖ్యమైనదై ఉండేది.

అవే మోర్స్ సంకేతాలతో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో మరొక రకమైన సంభాషణ మొదలైంది. దీనికి తీగ లేదు, రుసుము లేదు. చెప్పవలసిన వార్త కూడా లేదు. 'మీరు నాకు వినిపిస్తున్నారు. నా పేరు ఇది. మా ఊరు ఇది. ఇక్కడ వాన పడుతోంది. మీకు నా శుభాకాంక్షలు.' ఒక సగటు సంభాషణలోని సారాంశం దాదాపు ఇంతే. ధనాపేక్ష లేకుండా, స్వయంశిక్షణ కోసం, ప్రభుత్వ అనుమతితో సొంత ప్రసార యంత్రాన్ని నడిపే వ్యక్తిని అమెచ్యూర్ అంటారు. వాడుకలో 'హామ్' అన్న మాటా ఉంది. ఈ అమెచ్యూర్లు సముద్రాల అవతలి అపరిచితునితో ఇంత స్వల్పమైన మాట పంచుకోవడానికి రాత్రులకు రాత్రులు మేల్కొని కూర్చున్నారు. వార్త లేని మాటకు అంత విలువ ఎందుకు వచ్చింది? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న ఇదే.

చూడకుండా ఏర్పడే స్నేహం మన సాహిత్యాలకు కొత్త కాదు. దమయంతి నలుణ్ణి చూడకముందే అతని గురించి విని ప్రేమించింది. హంస రాయబారం నడిపింది. తమిళ సంగమ సాహిత్యంలో కోప్పెరుంజోళుడనే రాజుకూ పిసిరాందైయార్ అనే కవికీ ముఖాముఖి పరిచయం లేకుండానే గాఢమైన మైత్రి ఏర్పడింది. నిరశన వ్రతంతో ప్రాణత్యాగానికి సిద్ధపడిన రాజు, తన పక్కన ఆ మిత్రుని కోసం చోటు ఉంచమన్నాడు. అయితే ఈ కథలన్నింటిలో సందేశానికి గొప్ప విషయం ఉంది. ప్రేమో, మృత్యువో ఉంది. అమెచ్యూర్ రేడియో మైత్రిలో అటువంటి విషయమేదీ లేకపోవడమే విశేషం.

2. చట్టం చెప్పిన 'అప్రధానం':

రేడియో పుట్టిన తొలినాళ్ళలోనే ప్రభుత్వాలు ఆకాశాన్ని పంచుకున్నాయి. అమెరికాలో 1912 నాటి చట్టం అమెచ్యూర్లను 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. పొడవైన తరంగాలే దూరం వెళ్తాయని ఆనాటి నిపుణుల నమ్మకం. కనుక పనికిరాదనుకున్న చోటును పనిలేనివాళ్ళకు వదిలిపెట్టినట్టయింది. ఆ పొట్టి తరంగాలే భూగోళాన్ని చుట్టగలవని తరువాత రుజువు చేసినవారిలో అమెచ్యూర్లే ముందున్నారు.

రెండవ పరిమితి మాటల మీద వచ్చింది. 1927 వాషింగ్టన్ అంతర్జాతీయ రేడియో సమావేశపు నిబంధనల ప్రకారం వేర్వేరు దేశాల అమెచ్యూర్లు మామూలు భాషలోనే సంభాషించాలి. ఆ సంభాషణ ప్రయోగాలకు సంబంధించినదై ఉండాలి, లేదా ప్రజల తంతి సేవను ఆశ్రయించదగినంత ప్రాధాన్యం లేని వ్యక్తిగత విషయాలకు పరిమితం కావాలి. దేశాల మధ్య ప్రత్యేక ఒప్పందం ఉంటే తప్ప ఇదే నియమం. దీని వెనుక ఉన్నది ఆదాయచింత. విలువైన ప్రతి మాటా ప్రభుత్వ తంతి శాఖకో, కేబుల్ కంపెనీకో చెందాలి. వాటికి నష్టం కలిగించనంత చిన్న మాట మాత్రమే అమెచ్యూర్‌కు మిగలాలి. మారుతూ వచ్చిన రూపాలలో ఈ నిబంధన 2003 దాకా కొనసాగింది.

చట్టం తెలియకుండానే ఇక్కడ ఒక పని చేసింది. వ్యాపారాన్ని, వార్తను, అవసరాన్ని సంభాషణ నుంచి తీసివేసింది. అవన్నీ పోగా మిగిలేది పలకరింపే. యాదృచ్ఛికమే కావచ్చు గానీ, మానవశాస్త్రవేత్త మలినౌస్కీ సమాచారం కోసం కాక సంబంధం నిలుపుకోవడం కోసం మనుషులు వాడే భాషను గురించి ప్రసిద్ధమైన ప్రతిపాదన చేసింది కూడా ఈ కాలంలోనే, 1923లో. తెలుగువారికి దీనికి ఉదాహరణ వెతకనవసరం లేదు. 'భోజనమైందా?' అని అడిగిన పొరుగింటి పెద్దాయనకు మన వంటింటి సమాచారం అక్కరలేదు. మనం ఉన్నామని, తాను గమనించానని చెప్పడమే ఆ ప్రశ్నకు అర్థం. అమెచ్యూర్ల సంభాషణ ఖండాల మధ్య సాగిన 'భోజనమైందా?' అని చెప్పవచ్చు.

3. నీస్ నుంచి ఒటాగో దాకా:

1901 డిసెంబరు 12న ఇంగ్లండులోని పోల్ధూ నుంచి పంపిన 'ఎస్' అక్షరపు మూడు చుక్కలను న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ వద్ద విన్నామని మార్కోని ప్రకటించాడు. అది ఒకవైపు నుంచి వెళ్ళిన సంకేతం మాత్రమే. 1921 డిసెంబరులో అమెరికన్ అమెచ్యూర్ సంఘం పంపిన పాల్ గాడ్లీ స్కాట్లండులోని ఆర్డ్రాసన్‌లో గుడారం వేసుకుని, అట్లాంటిక్ అవతలి అమెచ్యూర్ల సంకేతాలు విన్నాడు. అదీ వినడమే గానీ బదులు పలకడం కాదు.

బదులు పలకడం 1923 నవంబరు 28న సాధ్యమైంది. ఫ్రాన్సులోని నీస్ నగరవాసి లియోన్ డెలోయ్, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన ఫ్రెడ్ ష్నెల్, జాన్ రీనార్ట్జ్‌లతో సుమారు 110 మీటర్ల తరంగం మీద మోర్స్‌లో సంభాషించాడు. అంతకు కొన్ని నెలల ముందే డెలోయ్ అమెరికా వెళ్ళి అక్కడి అమెచ్యూర్ల పద్ధతులు తెలుసుకుని వచ్చాడు. అంటే ఈ విజయానికి యంత్రంతోపాటు ముందే ఏర్పడిన పరిచయమూ కారణమైంది.

మరుసటి ఏడు ఇంకా దూరపు ముడి పడింది. న్యూజిలాండులోని ఒటాగో ప్రాంతంలో షాగ్ లోయ గొర్రెల క్షేత్రం బెల్ కుటుంబానిది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి అనారోగ్యంతో తిరిగివచ్చిన ఫ్రాంక్ బెల్ అక్కడ సొంతంగా రేడియో కేంద్రం కట్టుకున్నాడు. 1924 అక్టోబరు 18న అతని సంకేతానికి లండను శివార్లలోని మిల్ హిల్ పాఠశాల నుంచి సెసిల్ గోయిడర్ అనే పద్దెనిమిదేళ్ళ విద్యార్థి బదులు పలికాడు. ఇద్దరి మధ్య దాదాపు 19 వేల కిలోమీటర్లు. భూగోళం మీద రెండు చోట్ల మధ్య ఉండగల గరిష్ఠ దూరం సుమారు 20 వేల కిలోమీటర్లేనని గుర్తు చేసుకుంటే, అంతకంటే ఎక్కువ దూరపు స్నేహితుణ్ణి కోరుకోవడం దాదాపు అసాధ్యమని తెలుస్తుంది. ఒకరికి సాయంత్రమైతే మరొకరికి ఉదయం. ఓడ మీద ఉత్తరం వెళ్ళడానికి వారాలు పట్టే రోజులలో ప్రశ్నకు జవాబు క్షణాలలో వచ్చింది. ఆ తరంగాలను భూమి వైపు మళ్ళించే వాతావరణపు పొర ఉనికిని ఆపిల్‌టన్, బార్నెట్‌లు ప్రయోగపూర్వకంగా నిరూపించింది అదే ఏడాది డిసెంబరులో. శాస్త్రం పూర్తిగా వివరించకముందే పలకరింపు దారి కనుక్కుంది.

ఫ్రాంక్ వ్యవసాయం వైపు మళ్ళగా, అతని సోదరి బ్రెండా బెల్ ఆ కేంద్రాన్ని చేపట్టింది. న్యూజిలాండులో తొలి మహిళా అమెచ్యూర్ ఆమె. 1927లో న్యూజిలాండు నుంచి దక్షిణాఫ్రికాతో తొలిసారి రేడియో సంభాషణ జరిపిందీ ఆమే. ఇక గోయిడర్ 1936లో ఆల్ ఇండియా రేడియో చీఫ్ ఇంజినీరుగా భారతదేశం వచ్చాడు. ఆయన హయాంలోనే షార్ట్‌వేవ్ ప్రసారాలు విస్తరించాయి. తెలుగు కార్యక్రమాలూ వినిపించిన మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. బదులు పలికే రేడియోతో లోకానికి పరిచయమైన యువకుడు, కోట్లమంది వినగలిగినా ఎవరూ బదులు పలకలేని రేడియోను నిర్మించడంలో ప్రధానపాత్ర వహించాడు. రేడియో అనగానే మనకు రెండవదే గుర్తుకు వస్తుంది. మొదటి దాని చరిత్ర మరుగున పడింది.

4. లఘుగురువుల భాష:

అంతర్జాతీయ మోర్స్‌లో చుక్క ఒక ప్రమాణమైతే గీత మూడు ప్రమాణాలు. ఒకే అక్షరంలోని చుక్కకూ గీతకూ నడుమ విరామం ఒక ప్రమాణం, అక్షరాల నడుమ మూడు, మాటల నడుమ ఏడు. అంటే మౌనానికి కూడా కొలత ఉంది. ఛందస్సు బోధించేవారికి లఘువు, గురువు వెంటనే స్ఫురిస్తాయి. మన గురువుకు రెండు మాత్రలే కనుక రెండూ ఒకటే అనలేము. కానీ చుక్కను లఘువుగా, గీతను గురువుగా భావిస్తే మూడక్షరాల గణాలు ఎనిమిదీ మోర్స్‌లోని ఎనిమిది ఆంగ్లాక్షరాలతో సరిపోతాయి. నగణం 'ఎస్', మగణం 'ఓ', భగణం 'డి', జగణం 'ఆర్', సగణం 'యు', యగణం 'డబ్ల్యు', రగణం 'కె', తగణం 'జి'. ఆపదలో పంపే 'ఎస్‌ఓఎస్' మన లెక్కలో న, మ, న గణాల వరుస.

ఈ పోలికలో మన చర్చకు అవసరమైనవి జగణం, రగణం. మోర్స్ సంభాషణలో 'ఆర్' అంటే 'మీరు పంపినది అందింది' అని. 'కె' అంటే 'ఇక మీరు చెప్పండి' అని. ఇద్దరూ ఒకే తరంగం మీద ఒకేసారి పంపితే ఒకరిది ఒకరికి వినిపించడం కష్టం. కనుక ఒకరు ఆగాలి, రెండవవారు మొదలుపెట్టాలి. విన్నానని చెప్పడం, అవకాశం ఇవ్వడం అన్న రెండు మర్యాదలు ఇక్కడ వ్యక్తి సంస్కారానికి వదిలివేసినవి కావు. అవి భాషలోనే ఉన్నాయి.

మిగిలిన పదజాలం కూడా ఇటువంటిదే. 'సీక్యూ' అంటే వింటున్నవారెవరైనా బదులు పలకండి అన్న పిలుపు. 'క్యూటీహెచ్' ఊరు, 'క్యూఆర్‌ఎం' ఇతర కేంద్రాల వల్ల అంతరాయం, 'క్యూఎస్‌బీ' సంకేతం వచ్చిపోతూ ఉండటం. 'ఓఎం' అంటే ముసలాయన అని అర్థం వచ్చినా, పద్దెనిమిదేళ్ళవాడినీ ఆత్మీయంగా అలాగే పిలుస్తారు. '73' అంటే శుభాకాంక్షలు. ఇది రేడియో కంటే పాతది. పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలంలో అమెరికన్ తంతి ఉద్యోగులు వాడిన అంకెల సంకేతాల నుంచి వచ్చింది. తీగకు రెండు చివరలా కూర్చున్న ఉద్యోగుల మధ్య పని లేనప్పుడు కబుర్లు సాగేవి. ఎల్లా చీవర్ థాయర్ 1879లో ఆ నేపథ్యంతోనే ఒక ప్రేమ నవల రాసింది. పూర్తి వాక్యాలు అక్కరలేని ఈ పొట్టి పదాల వల్ల, ఆంగ్లం అంతగా రాని జపాను అమెచ్యూరూ రష్యన్ అమెచ్యూరూ కూడా ఒక పలకరింపును సజావుగా ముగించగలిగారు.

గొంతు లేకపోయినా మనిషి జాడ ఉంటుంది. చేతితో కీ నొక్కేటప్పుడు గీతను కాస్త సాగదీయడం, ఒక అక్షరం దగ్గర తడబడటం, విరామాన్ని కుదించడం వంటివి ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు. ఆంగ్లంలో దీన్ని 'ఫిస్ట్' అంటారు. మనం 'చేతి నడక' అనవచ్చు. అలవాటైన చెవి ఎదుటివారు పేరు చెప్పకముందే చేతి నడకను బట్టి గుర్తు పడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నిఘా శ్రోతలు జర్మన్ ఆపరేటర్లను ఇలాగే గుర్తించేవారు. శత్రువును పట్టించిన నైపుణ్యమూ, మిత్రుణ్ణి పోల్చుకునే నైపుణ్యమూ ఒక్కటే. తేడా వినేవాడి ఉద్దేశంలో ఉంది.

5. పరిచయం నుంచి మైత్రికి:

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. రెండు నిమిషాల పలకరింపును స్నేహం అనవచ్చునా? అన్నిటినీ అనలేము. పోటీలలో వందల కేంద్రాలతో సంకేతబలం అంకెలను మాత్రమే మార్చుకోవడం ఆట. దాన్ని మైత్రి అనడం అతిశయోక్తి. మైత్రికి పునరావృత్తి కావాలి. అమెచ్యూర్లు దీన్ని 'స్కెడ్' అంటారు. అంటే ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా తరంగం మీద కలుద్దామని ముందే అనుకోవడం. ఆ వేళకు ఎదుటివారు వినిపించకపోతే కలిగే ఆందోళనే ఆ బంధానికి కొలమానం. వార్త లేని సంభాషణలో మనిషి హాజరే అసలు వార్త.

రెండవ ఆధారం కార్డు. సంభాషణ జరిగిందని ధ్రువీకరిస్తూ తేదీ, వేళ, తరంగం, సంకేతబలం రాసి తపాలాలో పంపే కార్డును క్యూఎస్‌ఎల్ కార్డు అంటారు. క్షణాలలో ముగిసిన సంభాషణకు నెలల తరువాత కాగితపు సాక్ష్యం చేతికి వస్తుంది. సోవియట్ యూనియన్‌లో ఈ కార్డులన్నీ మాస్కోలోని 88వ నంబరు తపాలా పెట్టె ద్వారానే వచ్చిపోయేవి. రాజ్యం కళ్ళముందే సాగిన ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో కూడా, అవతలివాడూ తనలాగే రాత్రివేళ చెవులకు ఫోన్లు తగిలించుకుని కూర్చునే మనిషేనన్న స్పృహ మిగిలింది.

ఈ లోకానికి ఉన్న పరిమితులనూ గుర్తించాలి. 'ఓఎం' అన్నది అందరికీ వర్తించే పిలుపు కాదు. స్త్రీలకు 'వైఎల్', అంటే 'యువతి' అన్న వేరే సంకేతం ఉంది. భార్యను 'ఎక్స్‌వైఎల్' అన్నారు. అంటే 'మాజీ యువతి'. వందలమందితో పలకరింపులు నడిపిన సమాజం పక్కగదిలోని మనిషికి ఇచ్చిన పేరు అది. వలసపాలన మరొక పరిమితి. 1921లోనే అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోస్ వంటి భారతీయులు ఈ రంగంలోకి వచ్చినా, 1939లో యుద్ధం మొదలవగానే అమెచ్యూర్లు తమ ప్రసార యంత్రాలను పోలీసులకు అప్పగించవలసి వచ్చింది. అప్రధానమని చట్టం చెప్పిన మాటకు ప్రభుత్వం అంతగా భయపడిందంటే, అది నిజంగా అప్రధానం కాదని ప్రభుత్వానికీ తెలుసు.

6. 2003, 2004:

2003 ప్రపంచ రేడియో సమావేశంలో రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. 30 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యాలు వాడదలచిన అమెచ్యూర్లకు మోర్స్ పరీక్ష తప్పనిసరి అన్న అంతర్జాతీయ నియమం తొలగిపోయింది. ఆ విషయాన్ని ఆయా దేశాల ఇష్టానికి వదిలారు. అదే సమావేశం వ్యక్తిగత విషయాల ప్రస్తావన నుంచి 'అప్రధానం' అన్న విశేషణాన్ని కూడా తొలగించింది. ఇంటర్నెట్, సెల్‌ఫోన్ వచ్చాక అమెచ్యూర్ మాటవల్ల నష్టపోవడానికి తంతి ఆదాయమే మిగలలేదు. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవ కూడా ముగిసింది. ముఖ్యమైన మాటలకు ఉద్దేశించిన తంతి పోయింది. అప్రధానమైన మాటలకు మిగిల్చిన మోర్స్ అమెచ్యూర్ల చేతిలో ఇంకా పలుకుతూనే ఉంది.

నిబంధన మారిన మరుసటి ఏడు చివర హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో (స్థాపన 1983) బృందం భారతి ప్రసాద్ నాయకత్వంలో అండమాన్ వెళ్ళింది. అరుదుగా వినిపించే ఆ ద్వీపాల నుంచి ప్రపంచ అమెచ్యూర్లను పలకరించడమే వారి ఉద్దేశం. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చాయి. మామూలు సమాచార మార్గాలు తెగిపోయినప్పుడు, పోర్ట్‌బ్లెయిర్‌లో సరదా పలకరింపుల కోసం ఏర్పాటైన ఆ కేంద్రం సహాయ కార్యక్రమాలకు, ఆత్మీయుల క్షేమసమాచారానికి ఆధారమైంది.

ఆపత్కాలంలో ఉపయోగపడుతుంది కనుక అమెచ్యూర్ రేడియోకు విలువ ఉందని ఈ సంఘటన ఆధారంగా వాదించడం పరిపాటి. ఈ వ్యాసం వాదన అది కాదు. ఆపదనాడు అవతల వినేవాడొకడు ఉండటానికి కారణం, ఆపద లేని వేల రాత్రులలో ఏ పనీ లేకుండా అతడు వింటూ ఉండటమే. ఉపయోగం మైత్రికి ఫలితమే గానీ కారణం కాదు. ఉపయోగంతోనే విలువ కట్టే దృష్టి, 'అప్రధానం' అన్న చట్టపు మాటను మరో రూపంలో అంగీకరించడమే అవుతుంది.

7. ముగింపు:

అమెచ్యూర్ రేడియో చరిత్రను ఇంతవరకు ఎక్కువగా దూరాల, రికార్డుల, యంత్రాల చరిత్రగానే రాశారు. దాన్ని పలకరింపుల చరిత్రగా చదివితే మూడు విషయాలు తెలుస్తాయి. ఒకటి, సంభాషణ మార్గం ఎంత ఇరుకైనదైతే మర్యాదలు అంత స్పష్టంగా రూపుదిద్దుకోగలవు. రెండు, అంగీకరించడం, అవకాశం ఇవ్వడం, మళ్ళీ రావడం అన్న మూడు చర్యలు చాలు, దూరం మైత్రికి అడ్డు కాదు. మూడు, రాజ్యం దేన్ని అప్రధానమని వదిలేస్తుందో అక్కడే సామాన్యుల చరిత్ర ఉంటుంది.

ఈ మూడవ విషయం తెలుగు పరిశోధకులకు ఒక బాధ్యతను గుర్తు చేస్తుంది. వియన్నాలోని ఒక రేడియో పత్రభాండాగారం క్యూఎస్‌ఎల్ కార్డులను లక్షల సంఖ్యలో భద్రపరిచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని అమెచ్యూర్ల ఇళ్ళలో ఉండే కార్డులు, సంభాషణల వివరాలు నమోదు చేసిన లాగ్ పుస్తకాలు మనకు లేఖాసాహిత్యానికీ ఆత్మకథకూ నడుమ నిలిచే ఆకరాలు. అచ్చులో కనబడని మనుషుల దైనందిన జీవితం వాటిలో తేదీలతో సహా ఉంటుంది. యజమాని పోయాక కుటుంబం వాటిని పాత కాగితాల కింద అమ్మివేస్తే ఆ చరిత్ర అక్కడితో ఆగిపోతుంది. చెవితో మోర్స్ నేర్చిన తరం ఇప్పుడు వార్ధక్యంలో ఉంది. కనుక వారి మౌఖిక చరిత్రను సేకరించడం, కార్డులకు డిజిటల్ ప్రతులు తీయడం విశ్వవిద్యాలయ తెలుగు, చరిత్ర శాఖలు కలిసి వెంటనే చేపట్టదగిన పని.

అమెచ్యూర్లు తమలో ఒకరు మరణిస్తే 'సైలెంట్ కీ' అంటారు. మూగవోయిన కీ అని అర్థం. మరణాన్ని మాట ఆగిపోవడంగా భావించిన ఈ సమాజం వదిలివెళ్ళిన కాగితాలను చదవడానికి మనకు మిగిలిన వ్యవధి ఎక్కువ లేదు.